గాలం మీద పడిన నింద: ఒక లాంగ్‌లైన్ ఓడలో బిగ్ ఐ ట్యూనా పట్టుబడి పడిపోయిన కేసు

ఆ ఓడ యజమాని నా దగ్గరికి వచ్చేనాటికే తీర్పు సిద్ధం చేసుకుని ఉన్నారు. "గాలం మార్చాం, చేప పోయింది. ఇంకేం సాక్ష్యం కావాలండీ?" అన్నది ఆయన మొదటి మాట. బిగ్ ఐ ట్యూనా కోసం పగటిపూట లోతుగా లాంగ్‌లైన్, అంటే వేల గాలాలు వేలాడే పొడవాటి తాడు, వేసే ఓడ అది. ఒక మరమ్మతు విరామంలో జపాన్ ట్యూనా గాలాలు తీసేసి వాటి చోట 16/0 సైజు సర్కిల్ గాలాలు (మొన లోపలికి వంగి ఉండే గుండ్రటి గాలాలు) పెట్టించారు. ఆ తర్వాతి రెండు ప్రయాణాల్లోనూ వెయ్యి గాలాలకు పడే బిగ్ ఐ సంఖ్య సగానికి దిగువకు జారింది. పాత గాలాలు మళ్లీ కొనడానికి ముందు ఒక గేర్ (వేట సామగ్రి) నిపుణుడి సంతకం కావాలన్నది ఆయన కోరిక. సంతకం పెట్టకుండా ఓడ ఎక్కాను. పట్టుబడి అంకెలు యజమాని వ్యాపార రహస్యం కనుక వాటిని ఇక్కడ ఇవ్వడం లేదు, ఏ దిశగా మారాయో మాత్రం చెబుతాను. గేర్ కొలతలు వెల్లడించడానికి ఆయన ఒప్పుకున్నారు.

మారినవి నాలుగు, నింద ఒక్కదానిపై

సరంజామా పుస్తకం, కొనుగోలు రసీదులు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ విరామంలో గాలం ఒక్కటే మారలేదని అరగంటలో తేలింది. స్క్విడ్ ఎరకు బదులు ధర తక్కువని మాకెరల్ తీసుకున్నారు. గాలానికి పైన ఉండే స్టీలు తీగ తీసేసి నైలాన్ మోనోఫిలమెంట్ కట్టారు. ఓడ వెనుక కిలోమీటర్ల కొద్దీ సాగే మెయిన్‌లైన్ అరిగిపోయిందని 4 మిల్లీమీటర్ల తాడు స్థానంలో 3.6 మిల్లీమీటర్ల కొత్త తాడు డ్రమ్ముకు చుట్టారు. ఈ చివరి మార్పు గురించి యజమాని ఒక్క మాట కూడా చెప్పలేదు. దాచాలని కాదు, తాడు మందానికీ చేపకూ సంబంధం ఉంటుందని ఆయనకు తట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకూ తట్టలేదు.

ఇలా మార్పులన్నీ ఒకే మూటగా వచ్చిపడటం ఈ వృత్తిలో కొత్త కాదు. హవాయిలో కత్తిచేప కోసం రాత్రిపూట పైపొరల్లో లైన్ వేసే ఫిషరీని, సముద్ర తాబేళ్లు చిక్కుకుంటున్నాయన్న కారణంగా 2001లో మూసివేసి 2004లో తిరిగి తెరిచారు. అప్పుడు 18/0 సర్కిల్ గాలం, మాకెరల్ తరహా చేప ఎర, ప్రతి ప్రయాణంలో ఒక పరిశీలకుడు అనే షరతులు ఒకేసారి విధించారు. ఆ తర్వాత తలపెద్ద (లాగర్‌హెడ్) తాబేళ్లు చిక్కడం సుమారు 90 శాతం తగ్గింది, సొరలు మూడో వంతుకు పైగా తగ్గాయి, కత్తిచేప పట్టుబడి రేటు మాత్రం 16 శాతం దాకా పెరిగింది. ఫలితం గొప్పదే. కానీ అందులో గాలం వాటా ఎంత, ఎర వాటా ఎంత అని ఆ ఒక్క ఫిషరీ లెక్కల నుంచి విడదీసి చెప్పలేం.

ఆ విడదీత అంతకు ముందే అట్లాంటిక్‌లో జరిగింది. 2001 నుంచి 2003 వరకు కెనడా తూర్పు తీరానికి ఆవలి గ్రాండ్ బ్యాంక్స్ ప్రాంతంలో జరిగిన ప్రయోగాల్లో గాలాన్నీ ఎరనూ వేర్వేరుగా మార్చి చూశారు. సర్కిల్ గాలానికి స్క్విడ్ కడితే కత్తిచేప తగ్గింది. అదే గాలానికి మాకెరల్ కడితే పెరిగింది. మాకెరల్‌తో నీలి సొరలు తగ్గాయి. నా కేసుకు పనికొచ్చే సంగతి మరొకటి ఉంది: మాకెరల్ కట్టినప్పుడు బిగ్ ఐ ట్యూనా బాగా పడిపోయింది. కత్తిచేప వాళ్లకు వరమైన ఎర ట్యూనా వాళ్లకు నష్టం తెచ్చిందన్న మాట. కాబట్టి ఓడ ఎక్కేటప్పుడు నా అనుమానం నూటికి తొంభై పాళ్లు ఎర మీదే ఉంది.

చేపల జాబితా చెప్పిన మాట

పట్టుబడి పడిపోయిందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు నేను ముందు మొత్తం అంకె చూడను, ఏయే చేపలు ఏ పాళ్లలో వచ్చాయో చూస్తాను. ఈ ఓడ కొత్త లాగ్ షీట్లలో బిగ్ ఐ తగ్గిన మాట నిజమే, కానీ ఎల్లోఫిన్ ట్యూనా, మార్లిన్, మాహీ మాహీ మూడూ పెరిగాయి. గాలం ఆకారం బాగోలేకపోతే అది బిగ్ ఐ నోటికి బాగోకుండా, దానికి దగ్గరి చుట్టమైన ఎల్లోఫిన్ నోటికి మాత్రం బాగుండటం నమ్మదగ్గ సంగతి కాదు. ఎర మీద అనుమానం అప్పటికి పూర్తిగా పోలేదు, కానీ మాకెరల్ ఒక్కటే మాహీ మాహీని అన్ని రెట్లు పెంచుతుందని అనుకోలేకపోయాను.

పెరిగిన మూడు చేపలకూ ఒక ఉమ్మడి గుణం ఉంది. అవి ఎక్కువ సమయం సముద్రపు పైపొరలోనే, ఎండకు వేడెక్కి గాలికి కలిసిపోయిన నీళ్లలోనే తిరుగుతాయి. బిగ్ ఐ తీరు వేరు. దాని కళ్లు పెద్దవి, చల్లదనాన్నీ తక్కువ ఆక్సిజన్‌నూ ఎల్లోఫిన్ కన్నా బాగా తట్టుకుంటుంది. పగలు తన ఆహారమైన స్క్విడ్‌లూ చిన్న చేపలూ లోతుకు దిగితే వాటి వెంట 300 నుంచి 500 మీటర్ల దాకా దిగిపోయి, ఒళ్లు వేడి చేసుకోవడానికి మధ్యమధ్యన పైకి వచ్చి మళ్లీ దిగుతుంది. రాత్రి పైకి వస్తుంది. అంటే పగటి లైన్‌కు బిగ్ ఐ దొరకాలంటే గాలం థర్మోక్లైన్ (లోతుకు వెళ్లే కొద్దీ నీటి వేడి చప్పున పడిపోయే పొర) దగ్గరికో, ఇంకా కిందికో చేరాలి. చేపల జాబితా చెబుతున్నది ఒక్కటే: ఈ గాలాలు పైనే ఆగిపోతున్నాయి.

కెప్టెన్ ఈ మాట ఒప్పుకోలేదు. బాస్కెట్‌కు 15 గాలాలు, ఎన్నేళ్లుగానో అంతే, తమది లోతు లైన్ అన్నారు. తాడును వెదురు బుట్టల్లో చుట్ట చుట్టి దాచుకున్న రోజుల నుంచి మిగిలిన మాట బాస్కెట్. ఇప్పుడు నీటి మీద తేలే రెండు ఫ్లోట్ల మధ్య ఉన్న లైన్ ముక్కను అలా అంటారు. బాస్కెట్‌కు ఎన్ని గాలాలుంటే అంత లోతు అని ఓడల మీదే కాదు, శాస్త్రవేత్తల పట్టికల్లో కూడా దశాబ్దాలుగా లెక్క కడుతూ వచ్చారు. 1970ల నుంచి జపాన్ లాంగ్‌లైన్లు బిగ్ ఐ కోసం బాస్కెట్‌కు నాలుగైదు గాలాల నుంచి పదికి పైగా పెంచుకుంటూ పోయాయి. ఆ మార్పును లెక్కలోకి తీసుకోకుండా పాత పట్టుబడి రేటునూ కొత్తదానినీ పోల్చితే సముద్రంలో చేపలే మారిపోయినట్టు కనిపిస్తుంది. ఈ కొలత పనికొచ్చేదే, కానీ ఇది లోతుకు గుర్తు మాత్రమే, లోతు కాదు.

కాగితం మీద లెక్క

రెండు ఫ్లోట్ల మధ్య మెయిన్‌లైన్ గొలుసులా వేలాడి, గణితంలో కేటనరీ అనే వంపును తీసుకుంటుంది. అది ఎంత లోతుకు వేలాడుతుందో తేల్చేవి రెండు: ఆ ముక్కలో తాడు పొడవు ఎంత, రెండు ఫ్లోట్ల మధ్య సముద్రం మీద దూరం ఎంత. దూరాన్ని పొడవుతో భాగిస్తే వచ్చేది సాగ్ నిష్పత్తి. ఈ ఓడ వేయాలనుకున్న లైన్‌లో గాలాల మధ్య 50 మీటర్లు, బాస్కెట్‌కు 15 గాలాలు, అంటే 800 మీటర్ల తాడు. ఓడ 8 నాట్ల వేగంతో పోతుంటే లైన్ షూటర్ సెకనుకు 5.4 మీటర్ల చొప్పున తాడును వెనక్కి విసరాలి. అప్పుడు ఫ్లోట్ల మధ్య దూరం 608 మీటర్లు, సాగ్ నిష్పత్తి 0.76 అవుతాయి. ఫ్లోటు తాడు 25 మీటర్లు, గాలం వేలాడే బ్రాంచ్ లైన్ 25 మీటర్లు కలుపుకుంటే ఫ్లోటు పక్కనున్న మొదటి గాలం 93 మీటర్ల లోతులో, నడిమి ఎనిమిదో గాలం 281 మీటర్ల లోతులో ఉండాలి.

ఇదంతా నిశ్చల జలాలకు వర్తించే లెక్క. పై ప్రవాహం ఒక దిక్కుకూ, కింది ప్రవాహం మరో దిక్కుకూ లాగితే లైన్ పైకి లేస్తుంది. హవాయి ఓడల మీద లోతు రికార్డర్లు కట్టి చూసినప్పుడు ట్యూనా లైన్లు లెక్కకు వచ్చిన లోతులో సుమారు 70 శాతం, కత్తిచేప లైన్లు సుమారు సగం మాత్రమే చేరినట్టు తేలింది. ఆ లెక్కన మా ఓడ నడిమి గాలం 200 మీటర్ల దగ్గర ఉన్నా నేను తప్పు పట్టను.

మూడో సెట్‌లో (ఒకసారి లైన్ వేసి తీయడాన్ని సెట్ అంటారు) ఎనిమిదో గాలాన్ని తగిలించే క్లిప్పు పక్కన మెయిన్‌లైన్‌కే రికార్డర్ బిగించాం. తీసి చూస్తే లోతు 75 మీటర్లు. బ్రాంచ్ లైన్ 25 మీటర్లు కలిపితే గాలం ఉన్నది 100 మీటర్ల దగ్గర. మరుసటి రోజు వేరే బాస్కెట్‌లలో మూడు రికార్డర్లు పెట్టాం. నాలుగైదు మీటర్ల తేడాతో అదే మాట చెప్పాయి. ఈ మొత్తం తేడాను మామూలు ప్రవాహం మీదికి నెట్టడానికి వీల్లేదు, ఆ రెండు రోజులూ సముద్రం ప్రశాంతంగానే ఉంది.

డ్రమ్ము మీద మిగిలిన తాడు

జవాబు దొరికింది రికార్డర్‌లో కాదు, డెక్కు మీద. లైన్ వేయడం పూర్తయ్యాక డ్రమ్ము దగ్గర నిలబడి ఉంటే, పాతికేళ్లుగా ఆ పని చేస్తున్న డెక్కు కార్మికుడు ఒకాయన తాడు చుట్టల మీద అరచెయ్యి పెట్టి, "ఈమధ్య తాడు మిగులుతోందండీ. కొత్త తాడు కదా, సన్నం, ఎక్కువ పట్టిందనుకున్నాం" అన్నారు. కొత్త తాడు డ్రమ్ముకు ఎక్కువే పడుతుంది, నిజమే. కానీ సెట్‌కు ఖర్చయ్యే తాడు ఎందుకు తగ్గాలి?

లైన్ షూటర్‌లో తాడును రెండు రబ్బరు చక్రాలు నొక్కి పట్టుకుని విసురుతాయి. ఆ చక్రాల మధ్య సందును 4 మిల్లీమీటర్ల తాడుకు సరిచేసి ఉంచారు, చక్రాల మీద ఏళ్ల తరబడి తాడు పోయిన గాడి కూడా పడి ఉంది. అందులో 3.6 మిల్లీమీటర్ల కొత్త తాడు వేసేసరికి చక్రం తిరుగుతోంది, తాడు కొంత జారుతోంది. మీటరు చక్రం తిరిగిన లెక్కే చూపిస్తుంది కనుక ఓడ నడిపే గదిలో కనిపించే అంకె ఎప్పటిలాగే సెకనుకు 5.4 మీటర్లు. నిజంగా బయటికి పోతున్న తాడును నేను గుర్తులు కట్టి, గడియారం పెట్టి కొలిస్తే సెకనుకు 4.3 మీటర్ల దగ్గర ఉంది.

ఇది ఇన్నాళ్లూ ఎవరి కంటా పడకపోవడానికి కారణం ఉంది. గాలం తగిలించే వాళ్లు తాడును కొలవరు, సుమారు 9 సెకన్లకు ఒకసారి మోగే బీప్‌ను బట్టి తగిలిస్తారు. బీప్ మారలేదు, ఓడ వేగం మారలేదు, కాబట్టి ఫ్లోట్ల మధ్య 608 మీటర్ల దూరమూ మారలేదు, బాస్కెట్‌లో గాలాల సంఖ్యా మారలేదు. గాలాల మధ్య తాడు మాత్రం 50 మీటర్ల నుంచి 40కి, బాస్కెట్ తాడు 800 నుంచి 640కి తగ్గింది. సాగ్ నిష్పత్తి 0.76 నుంచి 0.95కి ఎగబాకింది, అంటే లైన్ దాదాపు బిగుతుగా పరుచుకుంది. మళ్లీ లెక్క వేస్తే నడిమి గాలం 281 మీటర్ల బదులు 137 మీటర్ల దగ్గర ఆగుతుంది. అందులో 70 శాతం తీసుకుంటే 96. రికార్డర్ చూపిన లోతు అదే. తాడు ఐదో వంతు తగ్గితే లోతు సగానికి పడిపోవడం చాలామందికి వింతగా తోస్తుంది కానీ, వేలాడే వంపు గుణమే అంత, బిగుతుకు దగ్గరయ్యే కొద్దీ లోతు చకచకా కరిగిపోతుంది. 2,400 గాలాల సెట్‌కు 160 బాస్కెట్‌లు, బాస్కెట్‌కు 160 మీటర్లు, అంటే ప్రతి సెట్‌లో 25 కిలోమీటర్లకు పైగా తాడు సముద్రంలోకి పోకుండా డ్రమ్ము మీదే ఉండిపోతోంది. ఆయన అరచేతి కింద ఉన్నది అదే.

దోషం సరిచేశాక మిగిలిన ప్రశ్నలు

చక్రాలు మార్చి, సందు సరిచేసి, తాడు వేగాన్ని మీటరుతో కాక చేత్తో కొలిచాక నడిమి గాలం 190 నుంచి 205 మీటర్ల మధ్య నిలిచింది. బిగ్ ఐ తిరిగి వచ్చింది, మాహీ మాహీ తగ్గింది. అక్కడితో ఆపేద్దామని యజమాని అన్నారు, కానీ పాత స్థాయికి ఇంకా కొంత తక్కువే ఉందని లాగ్ చెబుతోంది. గాలం, ఎర, తీగ సంగతి తేలకుండా ఆపితే రేపు మళ్లీ ఎవరో ఒకరు ఏదో ఒకదాని మీద నింద వేస్తారు.

అందుకని తర్వాతి ప్రయాణంలో పాత ట్యూనా గాలాన్నీ సర్కిల్ గాలాన్నీ ఒకే లైన్ మీద ఒకదాని తర్వాత ఒకటిగా తగిలించాం. ఎరను మాత్రం బాస్కెట్ వారీగా మార్చాం, ఒక బాస్కెట్‌కు స్క్విడ్, మరుసటి దానికి మాకెరల్. వాసన పక్క గాలానికి పాకుతుంది, కాబట్టి గాలం గాలానికీ ఎర మారిస్తే ఏ ఎర పిలిస్తే వచ్చిన చేప ఏ గాలానికి పడిందో చెప్పలేం. ప్రతి చేపకూ బాస్కెట్‌లో అది ఎన్నో గాలానికి పడిందో రాయించాను. బాస్కెట్‌లో 15 గాలాలు, అంటే బేసి సంఖ్య కనుక, ఒక బాస్కెట్‌లో నడిమికి వచ్చిన రకం మరుసటి బాస్కెట్‌లో పక్కకు జరుగుతుంది, లోతు ఏ ఒక్క గాలానికీ పక్షపాతం చూపదు.

రెండు రకాల గాలాల మధ్య బిగ్ ఐ సంఖ్యలో నేను నిలబడి చెప్పగల తేడా రాలేదు. ఎర దగ్గర మాత్రం అనుమానించిందే జరిగింది, స్క్విడ్ బాస్కెట్‌లు స్పష్టంగా ముందున్నాయి. గ్రాండ్ బ్యాంక్స్ ఫలితం అటువైపే ఉంది కాబట్టి నాకు ధైర్యం. దీనికి మరో కారణాన్ని కూడా కలపాలి: లైన్ తీసేటప్పుడు ఖాళీగా వచ్చిన గాలాల్లో మాకెరల్‌వే ఎక్కువ. స్క్విడ్ కండ గట్టిది, గాలాన్ని విడవదు. మాకెరల్ గంటల తరబడి నీళ్లలో నానితే మెత్తబడి ఊడిపోతుంది. ఎర ఊడిన గాలం కూడా "వెయ్యి గాలాలకు" అన్న హారంలో కూర్చుని పట్టుబడి రేటును కిందికి లాగుతూనే ఉంటుంది.

సర్కిల్ గాలం మేలు వేరే చోట కనిపించింది. చేప ఎరను మింగి తిరిగినప్పుడు ఆ గాలం లోపల గుచ్చుకోకుండా జారి దవడ మూలకు పడుతుంది. కడుపులో గుచ్చుకున్న చేప కన్నా దవడకు పడిన చేప ప్రాణాలతో ఓడ చేరే అవకాశం ఎక్కువ. ట్యూనాకు అది నాణ్యత, వదిలేయాల్సిన తాబేలుకూ సొరకూ అది ఆయుష్షు. సంఖ్యలో తేడా లేకపోయినా ఈ లాభం లెక్కకు వస్తుందని నివేదికలో రాశాను.

సొరల సంగతి తిరకాసుగా ఉంది. లాగ్‌లో సొరలు బాగా తగ్గాయి, సముద్రంలో సొరలు తగ్గిపోయాయని కెప్టెన్ అన్నారు. నేను కొరికి తెంచిన నైలాన్ కొసలను ఏరి లెక్కపెట్టించాను. ఓడ మీదికి వచ్చిన సొరల కన్నా తెగిన కొసలు ఎక్కువ. స్టీలు తీగను సొర తెంచలేదు, నైలాన్‌ను తెంచగలదు. ఈశాన్య ఆస్ట్రేలియాలో స్టీలును నైలాన్‌తో పోల్చిన అధ్యయనంలో కూడా నైలాన్ మీద సొరలు తక్కువగా చిక్కాయి, తెంచుకుపోయినవి చిక్కినవాటితో సమానంగా ఉన్నట్టు కనిపించింది, బిగ్ ఐ మాత్రం నైలాన్‌కే ఎక్కువ పడింది. బిగ్ ఐ కళ్లకు మెరిసే తీగ కన్నా నైలాన్ తక్కువగా కనిపించడం దీనికి కారణం కావచ్చని నా అభిప్రాయం. పశ్చిమ, మధ్య పసిఫిక్‌లోని ఫిషరీ కమిషన్ 2022లో నిర్ణయించి, 20 డిగ్రీల ఉత్తర, దక్షిణ అక్షాంశాల మధ్య ట్యూనా లాంగ్‌లైన్లలో స్టీలు తీగను 2024 నుంచి నిషేధించింది. తెంచుకుపోయిన సొర నోట్లో గాలంతో ఎన్నాళ్లు బతుకుతుందన్నది వేరే ప్రశ్న, దానికి ఈ ఓడ డెక్కు మీద జవాబు దొరకదు.

మరొక జాగ్రత్త. లోతు గాలానికి పడిన ప్రతి చేపా లోతులో పడిందనుకోకూడదు. గాలం దిగేటప్పుడు, మళ్లీ పైకి లాగేటప్పుడు పైపొర గుండానే ప్రయాణిస్తుంది, ఆ దారిలో మాహీ మాహీ పట్టేస్తుంది. చేప గాలాన్ని ఎప్పుడు లాగిందో చూపే హుక్ టైమర్లు ఉంటే ఇది తేలేది, మా దగ్గర లేవు. అందుకే ఎనిమిదో గాలానికి పడిన మాహీ మాహీలను లోతు లెక్కలో నుంచి తీసేశాను.

ఇది ఒక ఓడ, ఒక రుతువు, నాలుగు ప్రయాణాల కేసు. పున్నమి దగ్గరి సెట్లు, అమావాస్య దగ్గరి సెట్లు సమానంగా కుదరలేదు. దోషం సరిచేసిన తర్వాతి ప్రయాణం ఓడ మరికొంచెం చల్లటి నీళ్లలోకి వెళ్లింది. కాబట్టి బిగ్ ఐ తిరిగి రావడంలో లోతు వాటా ఎంత, నీళ్ల వాటా ఎంత అన్నదానికి ఒక శాతం చెప్పమని యజమాని ఎంత అడిగినా చెప్పలేదు.

ఆయన చివరికి సర్కిల్ గాలాలనూ నైలాన్‌నూ ఉంచుకుని, స్క్విడ్‌కు తిరిగి వెళ్లారు. పాత గాలాలు కొనే సంతకం అవసరం రాలేదు. లాగ్ షీట్‌లో నేను అడిగి చేర్పించిన గడి ఒక్కటే, అది లైన్ వేయడం పూర్తయ్యాక డ్రమ్ము మీద మిగిలిన చుట్టల సంఖ్య. దాన్ని నింపే పని, తాడు మిగులుతోందని మొదట చెప్పిన ఆ డెక్కు కార్మికుడికే అప్పగించారు.